ఎర్టిగా సీఎన్‌జీకి రూఫ్ బాక్స్: ఉన్న రెయిల్స్ పీకేసి ఎందుకు బిగించాల్సి వచ్చింది

బండి 2021 ఎర్టిగా, కంపెనీ సీఎన్‌జీ. ఓనరు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చేసే ఆయన. ఇంట్లో అమ్మానాన్నా, ఆయనా భార్యా, ఇద్దరు పిల్లలు, చెల్లెలు, మొత్తం ఏడుగురు. తిరుమల చూసుకుని అరుణాచలం, అక్కడి నుంచి రామేశ్వరం, అదీ ప్లాను. ఏడు సీట్లూ నిండాక ఆ బండిలో సామాను పెట్టే చోటు ఉండదు. పెట్రోలు ఎర్టిగాలోనే మూడో వరస లేపి ఉంచితే డిక్కీ 209 లీటర్లు, సీఎన్‌జీలో ఆ కాస్త చోటూ 60 లీటర్ల సిలిండరు తినేస్తుంది, ఇక మిగిలేది చెప్పులకీ నీళ్ల సీసాలకీ సరిపోతుంది.

ఆయన సగం పని చేసుకునే వచ్చాడు. బండి మీద వెండి రంగు రూఫ్ రెయిల్స్ ఉన్నాయి, అంటే రూఫ్‌కి రెండు పక్కలా పొడవునా ఉండే కమ్మీలు. వెనక ట్రాలీ ఆటోలో ఒక పెద్ద నల్ల బాక్సు ఉంది, బెంగళూరులో ఉండే బావమరిది తన జర్మన్ కారు అమ్మేస్తూ పక్కన పెట్టిన 500 లీటర్ల రూఫ్ బాక్సు. "అన్నా, రెయిల్స్ ఉన్నాయి, బాక్స్ ఉంది, మధ్యలో అడ్డంగా రెండు బార్లు వేసి బిగిస్తే అయిపోద్ది కదా, గంట పని" అన్నాడు. నేను నెల్లూరు మినీ బైపాస్‌లో ఫిట్టింగ్ పని చేస్తా, ఈ మాట ఎర్టిగా వాళ్ల దగ్గర, రూమియన్ (టయోటా పేరుతో వచ్చే ఎర్టిగానే) వాళ్ల దగ్గర ఎప్పుడూ వినేదే, అందుకే ఈ ఒక్క బండి సంగతి మొదటి నుంచీ రాస్తున్నా.

మొదటి సంగతి, ఇండియాలో ఎర్టిగాకి కంపెనీ నుంచి రూఫ్ రెయిల్స్ రావు. మారుతీదే ఎక్స్ఎల్6కి వస్తాయి, చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి కాబట్టి చాలామందికి అనుమానం రాదు. ఎర్టిగా మీద రెయిల్ కనిపించిందంటే అది బయట ఎవరో అతికించిందే. ఈయనకి బండి కొన్న కొత్తలో వేరే షాపు వాళ్లు సీటు కవర్లు, విండ్ వైజర్లతో పాటు వేసిచ్చారంట, 50 కిలోలు మోస్తాయని కూడా చెప్పారంట.

చెప్పి నమ్మించడం కంటే చూపించడం తేలిక. కుడివైపు రెయిల్ వెనక కొస దగ్గర బొటనవేలి గోరు పెట్టి కొంచెం లేపా. గోరు లోపలికి పోయింది. దాని కింద ఎండకి పసుపు తిరిగిన డబుల్ టేపు, టేపు అంచు వెంబడి సన్నగా మట్టి గీత. మట్టి అక్కడిదాకా పోయిందంటే గాలీ నీళ్లూ కూడా పోతున్నట్టే. తర్వాత రెయిల్ మధ్యలో పట్టుకుని అటూ ఇటూ తిప్పమన్నా, ఆయనే తిప్పాడు, మెలి తిరిగింది. లోపల బోలు ప్లాస్టిక్. కంపెనీ రెయిల్ అయితే కొసల దగ్గర చిన్న మూతలుంటాయి, మూత తీస్తే రూఫ్ లోపలి ఉక్కుకి బిగించిన బోల్టు కనిపిస్తుంది. ఇక్కడ మూతా లేదు, బోల్టూ లేదు. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఆ షాపు వాళ్లని నాలుగు మాటలు అన్నాడు, అవి ఇక్కడ రాయను.

"టేపు గట్టిదే వేశామన్నారన్నా, ఇన్నేళ్లు ఊడలేదు కదా" అని చెల్లెలు అడిగింది. ఊడదు, ఎందుకంటే ఇన్నాళ్లూ దాని మీద ఏ పనీ లేదు. బాక్సు పెట్టాక బరువు కిందికి నొక్కడం ఒక్కటే కాదు, ఎదురుగాలి బాక్సు ముక్కు కిందికి దూరి పైకి లేపుతుంది, బ్రేకు వేస్తే మొత్తం ముందుకు తోస్తుంది, పక్క లేనులో కంటైనరు లారీ దాటితే పక్కకి లాగుతుంది. గాలి తోపుడు స్పీడుతో పాటు మామూలుగా పెరగదు, స్పీడు వర్గంతో పెరుగుతుంది. 60లో ఉన్న తోపుడు 100కి వచ్చేసరికి దాదాపు 2.8 రెట్లు. నెల్లూరులో ట్రంకు రోడ్డు మీద తిరిగినన్ని రోజులూ బాగానే ఉన్నది, హైవే ఎక్కి వెంకటాచలం టోల్ దాటాక ఊడిందంటే వెనక వచ్చే బైకు వాడి గతేంటి? ఆ రెయిల్స్ మీద బార్లు బిగించనని అప్పుడే చెప్పేశా. వేరే చోట ఎవరైనా బిగిస్తామన్నా వద్దని కూడా చెప్పా.

ఇక్కడ రూఫ్ రకాల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే బార్లు కొనేటప్పుడు జనం పప్పులో కాలేసేది ఇక్కడే. అంబాసిడర్, ఓమ్ని, సుమో లాంటి పాత బండ్లకి రూఫ్ అంచున నీళ్లు కారే గాడి ఉండేది, దానికి క్లాంపు పట్టించి ఏ క్యారియరైనా వేసేవాళ్లు. ఇప్పటి బండ్లలో కొన్నిటికి రెయిల్‌కీ రూఫ్‌కీ మధ్య చెయ్యి దూరేంత సందు ఉంటుంది, దాన్ని చుట్టి పట్టుకునే క్లాంపు వేరు. కొన్నిటికి రెయిల్ రూఫ్‌కి అతుక్కున్నట్టే ఉంటుంది, సందు ఉండదు, లోపలి అంచుని పట్టే కాళ్లు (బారుని రూఫ్‌కి పట్టి ఉంచే భాగాలు) వేరు. కొన్ని బండ్లకి రూఫ్ మీద మూత కింద రెడీగా బోల్టు రంధ్రాలుంటాయి. ఇవేవీ లేకుండా బోడి రూఫ్ ఉంటే డోరు ఫ్రేము పైఅంచుని కొక్కెంతో పట్టే రకం కావాలి. ఎర్టిగాది బోడి రూఫ్. ఆన్‌లైన్‌లో యూనివర్సల్ అని అమ్మే బార్లు చాలావరకు సందున్న రెయిల్ కోసం చేసినవే, ఫోటోలో ఏ బండి మీదున్నా సరే. ఫోటో చూసి కొనొద్దు, కాళ్లు దేన్ని పట్టుకుంటున్నాయో చూసి కొనండి.

ఈయన ఇంకో మాట కూడా అడిగాడు, వెల్డింగ్ షాపులో ఇనప క్యారియర్ చేయిస్తే చవక కదా అని. చవకే. టాక్సీల మీద చూస్తూనే ఉంటాం. కానీ చేయించిన ఇనప క్యారియర్ ఒక్కటే 20 కిలోలు దాటుతుంది, దాని మీద పట్టా కప్పి తాడు కట్టాలి, వాన వస్తే బట్టలు తడుస్తాయి, బోడి రూఫ్‌కి దాన్ని నిలబెట్టాలంటే రూఫ్‌కి రంధ్రాలు పెడతామనే వాళ్లు కూడా ఉన్నారు. సొంత బండి రూఫ్‌కి డ్రిల్ పెట్టే పని మా షాపులో చెయ్యం. తుప్పు అక్కడే మొదలవుతుంది, పైగా మైపాడు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉండే బండి.

ఇప్పుడు అసలు విషయం, బరువు. బాక్సు ఎన్ని లీటర్లు అని అందరూ అడుగుతారు, రూఫ్ ఎన్ని కిలోలు మోస్తుందని అడిగేవాళ్లు తక్కువ. రూఫ్ లోడ్ అంటే బాక్సులో పెట్టే సామాను ఒక్కటే కాదు, బార్లు, వాటి కాళ్లు, ఖాళీ బాక్సు, సామాను, అన్నీ కలిపి. యూరప్ కార్లలో చాలావాటికి ఇది 75 కిలోలు, ఇంకా పైన కూడా ఉంటుంది, ఆ పెద్ద బాక్సులు ఆ లెక్కకి చేసినవి. మన దగ్గర నిజంగా బరువు మోసే రెయిల్స్ అని కంపెనీలే ప్రచారం చేసుకునే మాగ్నైట్, కైగర్ లాంటి బండ్లకే వాళ్లు చెప్పే అంకె 50 కిలోలు. బోడి రూఫ్ బండికి మాన్యువల్‌లో చెప్పింది, బార్ల కంపెనీ చెప్పింది, రెండిట్లో ఏది తక్కువైతే అది, ఎట్టి పరిస్థితుల్లో 50 దాటకుండా, ఇది మా షాపు లెక్క.

బావమరిది బాక్సుని తూకం వేశాం. 22 కిలోలు. బార్లూ కాళ్లూ కలిపి 6. అంటే సామాను పెట్టకముందే 28 పోయింది, మిగిలింది 22. ఈయనకి కిలోల్లో చెబితే తలూపుతున్నాడు గానీ ఎక్కట్లేదు, అందుకని "నీ మేత బస్తా ఎంత?" అన్నా. "పాతిక." "ఆ పెద్ద బాక్సులో ఒక్క మేత బస్తా కూడా పెట్టలేవు సామీ." అప్పుడు ఎక్కింది. 500 లీటర్ల చోటు కనిపిస్తుంటే 22 కిలోల దగ్గర ఆగేవాడు ఎవడూ ఉండడు, ఖాళీ కనిపించినంతసేపూ ఇంట్లో ఆడాళ్లు ఒకటీ మగాళ్లు ఒకటీ తెచ్చి కూరుతూనే ఉంటారు. బరువు చాలని రూఫ్ మీద పెద్ద బాక్సు పెట్టకపోవడానికి నా అసలు కారణం ఇదే.

వాళ్ల నాన్న, పెద్దాయన, అంతవరకూ కుర్చీలో కూర్చుని వింటున్నాడు. "నేను పైకెక్కి నిలబడినా ఏం కాదే, యాభై కిలోలేందబ్బయా?" అన్నాడు. నిలబడ్డ బండి మీద ఆయన నిలబడొచ్చు. రూఫ్ రేకు విరిగిపోతుందని కాదు ఆ అంకె పెట్టింది. నడిచే బండిలో బరువు పైకి పోయేకొద్దీ మలుపులో బండి పక్కకి ఒరుగుతుంది, సడెన్‌గా పక్కకి కోస్తే మళ్లీ నిలదొక్కుకోవడం ఆలస్యమవుతుంది. తిరుమల ఘాటులో ఆ మలుపుల్లో, ఏడుగురు లోపల, పైన 80 కిలోలు, అప్పుడు తెలుస్తుంది. ఆయన ఒప్పుకున్నాడో లేదో గానీ "అయితే కానీండి" అన్నాడు.

బండి మొత్తం బరువు కూడా చూడాలి. ఆర్సీలో ఖాళీ బండి బరువు, నిండు బండి బరువు రెండూ ఉంటాయి, రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే మనుషులకీ సామానుకీ కలిపి ఎంతో వస్తుంది. వీళ్ల ఏడుగురిదీ రమారమి 420 కిలోలు, పైన 50 కలిపితే 470, లోపల కాళ్ల దగ్గర పెట్టే సామానుకి ఇంకా కొంత మిగిలింది. రూఫ్ మీది 50 కిలోలు దీనికి అదనం కాదు, ఇందులోదే. టైర్లలో గాలి డోరు పిల్లరు మీది స్టిక్కర్లో ఫుల్ లోడ్‌కి ఉన్న అంకె ప్రకారం కొట్టించమన్నా.

చివరికి తీసుకున్నది మూడొందల లీటర్ల పైచిలుకు బాక్సు, ఖాళీ బరువు 14 కిలోలు. బార్లతో కలిపి 20, సామానుకి 30. లీటర్లు తగ్గాయి, మోసే కిలోలు పెరిగాయి. బార్లు థూలే అనే కంపెనీ వాళ్ల అల్యూమినియం రెక్క ఆకారం రకం, డోరు ఫ్రేముని పట్టే కాళ్లతో. ఇవి మూడు ముక్కలుగా కొనాలి: బార్లు వేరు, కాళ్లు వేరు, బండికి తగ్గ ఫిట్ కిట్ వేరు. కిట్ అంటే ఆ బండి రూఫ్ వంపుకి అచ్చుపోసిన నాలుగు రబ్బరు మెత్తలు, ఆ డోరు ఫ్రేముకి సరిపోయేలా వంచిన నాలుగు కొక్కేలు. కంపెనీ ఫిట్ గైడ్‌లో బండి పేరు, సంవత్సరం, డోర్లు, రూఫ్ రకం కొడితే కిట్ నంబరు వస్తుంది. రూఫ్ రకం దగ్గర ఈయన లాంటి వాళ్లు "రెయిల్స్" అని నొక్కుతారు, తప్పు కిట్ వస్తుంది. మొత్తం ఖర్చు లక్షకి దగ్గరగా పోయింది, దాచను. రెండేళ్లకోసారి టూరు పోయేవాళ్లకి నేను దీన్ని కొనమని చెప్పను, ఒక చిన్న బండి వెంట మాట్లాడుకుంటే చవక. ఈయన ఏటా ఎండాకాలం ఎటో ఒకటు పోతాడు, చెన్నైకి కూడా కుటుంబంతో తిరుగుతుంటాడు, అందుకని సరే అన్నా.

ముందు ఆ అతుకుడు రెయిల్స్ తీశాం. హీట్ గన్‌తో వేడి చేసి చేపలు పట్టే నైలాన్ దారంతో కోసుకుంటూ పోతే వచ్చేశాయి. టేపు జిగురు మాత్రం సగం రోజు తిన్నది, కింద పెయింటు రెయిల్ ఉన్న మేర కొత్తగా, పక్కన వెలిసిపోయి, రెండు చారలు మిగిలాయి. పాలిష్ పట్టినా పూర్తిగా పోలేదు.

బార్ల బిగింపులో అందరూ తొందరపడేది కొలతల దగ్గర. ముందు బారు విండ్‌షీల్డు అంచు నుంచి ఎన్ని సెంటీమీటర్లు, వెనక బారు ముందు బారు నుంచి ఎన్ని సెంటీమీటర్లు అని కిట్ కాగితంలో ఉంటుంది. పెయింటర్ టేపు ముక్కలు అతికించి పెన్సిలుతో గీత పెట్టుకుని, గీత మీద కాలు పెట్టాం. మెత్త కింద ఇసుక రేణువు ఉన్నా పెయింటు గీసుకుపోతుంది, మెత్తా రూఫూ రెండూ తడి గుడ్డతో తుడిచాకే దించాలి. కొక్కెం డోరు రబ్బరుని తోసేసి ఫ్రేము ఇనప అంచుని పట్టాలి, రబ్బరు మధ్యలో నలిగి ఉందంటే పట్టు దొరికినట్టు కాదు. బిగించేది కుడి కొంచెం, ఎడమ కొంచెం, మళ్లీ కుడి. ఒక వైపు పూర్తిగా బిగించి రెండో వైపుకి పోతే బారు పక్కకి జరిగిపోతుంది. సెట్టుతో వచ్చే పాన టక్కుమని చెప్తుంది, 6 న్యూటన్ మీటర్ల దగ్గర. టక్కు విన్నాక ఇంకో చుట్టు తిప్పాలనిపిస్తుంది చూడండి, తిప్పొద్దు, డోరు ఫ్రేము వంగుతుంది, తర్వాత వానకి నీళ్లు లోపలికి కారతాయి. బిగించాక నాలుగు డోర్లూ వేసి తీసి, పైపుతో నీళ్లు కొట్టి, లోపల సీలింగు గుడ్డ అంచు చేత్తో తడిమి చూశాం. పొడిగా ఉంది.

తర్వాత బాక్సు. ఇక్కడ చూడాల్సింది బాక్సు కింద క్లాంపులు జరిగే గాడి పొడవు, మన బార్ల మధ్య దూరం, రెండూ కలుస్తాయా లేదా అని. బోడి రూఫ్ బండికి బార్లు ఇష్టమొచ్చిన చోటికి జరపలేం, కిట్ చెప్పిన చోటే ఉండాలి, కాబట్టి బాక్సే సర్దుకోవాలి. ఇది కొనకముందే కొలిచి చూసుకున్నాం కాబట్టి ఇబ్బంది రాలేదు. రెండో చెక్, డిక్కీ డోరు. పూర్తిగా పైకి లేపితే డోరు కొస బాక్సు వెనక అంచుకి తగలకూడదు, ఒకరు డోరు నెమ్మదిగా ఎత్తుతుంటే ఇంకొకరు స్టూలెక్కి చూడాలి. మేం నాలుగు వేళ్ల సందు ఉంచి బాక్సుని ముందుకు జరిపాం. అడ్డంగా బాక్సుని మధ్యలో కాకుండా ఎడమ వైపుకి కొంచెం జరిపాం, రోడ్డు పక్కన ఆపి తీసేటప్పుడు ట్రాఫిక్ వైపు నిలబడే పని లేకుండా. బండి వెడల్పు దాటి మాత్రం బయటికి రాకూడదు. సామాను బండి బాడీ దాటి పక్కకి గానీ ముందుకి గానీ వెనక్కి గానీ పొడుచుకొస్తే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194(1ఏ) కింద 20,000 రూపాయల జరిమానా ఉంది.

హైవే మీద ట్రయల్ కొట్టినప్పుడు 70 దాటగానే సన్నగా ఈల మొదలైంది. బారు పైన పొడవుగా ఉండే గాడిని మూసే రబ్బరు పట్టీని బాక్సు క్లాంపుల దగ్గర కోయాలి, మా కుర్రాడు కోయకుండా పక్కన పెట్టేశాడు, గాలి ఆ గాడిలో ఊదుతోంది. పట్టీ కొలిచి కోసి నొక్కితే ఆగిపోయింది. రూఫ్ బార్లు మోగుతున్నాయని వచ్చే కంప్లయింట్లలో ఎక్కువ ఇదే.

సామాను సర్దడం వాళ్లకి షాపులోనే చేసి చూపించా. పైన దుప్పట్లు, దిండ్లు, బట్టల బ్యాగులు, చాపలు. ఎక్కువ బరువు రెండు బార్ల మధ్య, తేలికవి కొసల్లో. వాళ్లమ్మ గ్యాసు పొయ్యి, ఇత్తడి గిన్నెలు కూడా పైనే అంది, అవి లోపల సీటు కింద, కాళ్ల దగ్గర. మందులు, పవర్ బ్యాంకు, స్ప్రే డబ్బాలు బాక్సులో వద్దు. మన నెల్లూరు మే నెలలో నల్ల బాక్సు లోపల ఎంత కాగుతుందో చెప్పక్కర్లేదు. ప్రతి బ్యాగూ ఇంట్లో తూకం వేసి పెట్టమన్నా, అందాజా లెక్కలొద్దు. మూత వేశాక తాళంచెవి బయటికి వస్తేనే తాళం పడినట్టు, రాకపోతే లోపల ఏదో గుడ్డ కొస ఇరుక్కుంది, తెరిచి మళ్లీ వెయ్యాలి. అలిపిరి దగ్గర సామానంతా దింపి స్కానర్లో పెట్టాలి, ఆ తాళంచెవి పర్సులో అడుగున పెట్టుకుంటే వెనక బండ్లవాళ్లు హారన్ ఆపరు.

ఎత్తు కొలిచి డాష్‌బోర్డు మీద స్టిక్కరు అంటించా. ఎర్టిగా ఒట్టిగా 1.69 మీటర్లు, బార్లూ బాక్సూ కలిపి 2.2 దగ్గరికి వచ్చింది. భయమంతా చెన్నైలో హోటళ్ల సెల్లార్లతో, అక్కడ 2.1 అని బోర్డు ఉండి పైన ఇనప పైపు వేలాడుతుంటుంది. బాక్సు కంపెనీ గరిష్ఠంగా 130 స్పీడు రాస్తుంది, మన హైవే లిమిటే 100. ఏడుగురితో ఉన్న సీఎన్‌జీ బండికి 80 చాలు అని చెప్పా. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత, అంటే వీళ్ల దారిలో గూడూరు దగ్గర, ఆపి నాలుగు కాళ్లూ పానతో ఒకసారి చూడమన్నా. ముందు ఎడమ కాలు అర చుట్టు తీసుకుందని ఫోన్ చేశాడు. కొత్త రబ్బరు మెత్త కూర్చుంటుంది, అది మామూలే.

తిరిగొచ్చాక బండి తీసుకొచ్చాడు. మెత్తల కింద గీతలు లేవు, డోర్లు మామూలుగా పడుతున్నాయి, కొక్కేల దగ్గర మాత్రం రామేశ్వరం ఉప్పు గాలికి ఒక బోల్టు తల మీద కొంచెం తుప్పు మచ్చ, తుడిచి గ్రీజు రాశా. పంబన్ వంతెన మీద పక్కగాలికి స్టీరింగు లాగిందని, 50కి తగ్గిస్తే సర్దుకుందని చెప్పాడు. మైలేజీ గురించి గొణిగాడు. బాక్సు లేనప్పుడు హైవే మీద కిలో గ్యాసుకి 24 వరకూ వచ్చేది, దీనితో 20 దాటలేదంట. కంపెనీ చెప్పే 26.08 ఎటూ ల్యాబు లెక్క. వాడనప్పుడు బాక్సు దించి గోడౌన్లో నిలబెట్టుకోమన్నా, క్లాంపులు వదులు చేస్తే ఇద్దరు మనుషులు అయిదు నిమిషాల్లో దించొచ్చు. బార్లు కూడా తీసేస్తేనే మైలేజీ పూర్తిగా వెనక్కి వస్తుంది, కానీ అవి తీసే ఓపిక ఎవరికీ ఉండదని నాకు తెలుసు.

బావమరిది పెద్ద బాక్సు అమ్మిపెట్టమని మా షాపులోనే వదిలేశాడు. ఎర్టిగా, రూమియన్, ట్రైబర్ వాళ్లు ఆ బాక్సు కోసం ఫోన్ చెయ్యొద్దు, ఇవ్వను. 75 కిలోలు అని మాన్యువల్‌లో రాసున్న బండి అయితే ఆ పేజీ ఫోటో పంపించండి. ఇంకోటి, పైన చెప్పిన కిట్ 2018 నవంబర్ తర్వాత వచ్చిన ఎర్టిగా బాడీకి. 2012 నుంచి అప్పటిదాకా వచ్చిన పాత ఎర్టిగాకి రూఫ్ వంపు వేరు, కిట్ నంబరు వేరు, బార్లూ కాళ్లూ మాత్రం పనికొస్తాయి, బారు పొడవు ఒకసారి గైడ్‌లో చూసుకోండి.